రెండు వేళ్ళ సందు

చనిపోవడానికి సరిగ్గా పదకొండు నిమిషాల ముందు శివ కలమల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

సోమవారం పొద్దున. థర్మల్ కేంద్రంలో షిఫ్ట్ దిగిన కార్మికులు అంగడి చుట్టూ గుంపుగా నిలబడి ఉన్నారు. శివ కూడా వాళ్ళలో ఒకడిలాగే ఉన్నాడు. నీలం చొక్కా, మెడలో దొంగ ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. ఎవరు చూసినా పవర్ ప్లాంట్ మనిషే అనుకుంటారు. అలా అనుకోనివాడు ఒక్కడే ఉన్నాడు. వాడు రోడ్డుకు అవతల, బూడిద లారీ స్టీరింగ్ వెనక కూర్చుని ఉన్నాడు.

శివ గ్లాసు కింద పెట్టాడు. ఫోన్ తీసి మూడు ముక్కలు టైప్ చేసి పంపాడు. రోడ్డు దాటబోయాడు. లారీ హారన్ కొట్టలేదు, బ్రేకు కూడా వెయ్యలేదు. బూడిద దుమ్ము అణిగి జనం పరుగెత్తుకొచ్చేసరికి లారీ ముద్దనూరు వైపు వెళ్ళిపోయింది. పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. చంపినవాళ్ళకి కావలసింది కూడా అదే.

గంటన్నర తర్వాత ప్రొద్దుటూరు బజారులో ఒక బట్టల అంగట్లోకి రేణుక నడిచివెళ్ళింది. ముప్ఫై రెండేళ్ళ మనిషి. భుజాన లెదర్ బ్యాగు, కాళ్ళకు దుమ్ముకొట్టుకున్న బూట్లు.

"మామిడిపిందెల అంచు చీర కావాల," అంది.

"అది నేసేది మానేసి శానా దినాలైంది," అన్నాడు అంగడాయన తల ఎత్తకుండా. "మేడ మీద కోట అంచుది ఉండాది."

"అదే చూపీండి."

మేడ మీద బట్టల తానుల మధ్య, మెడలో టేపు వేసుకుని, దర్జీ వేషంలో ముబారక్ కూర్చుని ఉన్నాడు. సెక్షన్ నైన్ అనే గూఢచారి విభాగానికి అధిపతి. ఢిల్లీలో ఆయన గదికి నేమ్ ప్లేట్ ఉండదు, ఆ సెక్షన్‌కి ఫోన్ నంబరు ఉండదు.

"శివ పోయాడు," అన్నాడు.

రేణుక గోడకు ఆనుకుని నిలబడింది. ట్రైనింగ్‌లో నాలుగు నెలలు ఒకే టెంట్ తాడు లాగిన మనిషి. ఆమెకు ఏడుపు వచ్చింది. వచ్చిన ఏడుపును మింగింది. ముబారక్ అది చూసి కూడా చూడనట్టు ఫోన్ ముందుకు జరిపాడు. తెర మీద శివ ఆఖరి మెసేజ్ ఉంది.

'గండికోట. బుధవారం. బండిలోనే పెడతారు.'

"టార్గెట్?"

"డాక్టర్ రాఘవేంద్రప్రసాద్. సరిహద్దు రాడార్ ప్రాజెక్టు ఆయన బుర్రలోంచి వచ్చింది. ఆ రాడార్‌ని మోసుకుని రాళ్ళలో, గుంతల్లో తిరగడానికి ఒక బండిని మార్చి కట్టించారు. బుధవారం గండికోట లోయ అంచున ట్రయల్. తనే ఎక్కి కూర్చుని చూస్తానంటున్నాడు."

"కొట్టేది ఎవరు?"

"కోబాల్ట్."

 కోబాల్ట్ అనేది ఒక విదేశీ ముఠా. కిరాయికి సైంటిస్టులను చంపుతుంది. రెండేళ్ళలో ముగ్గురు. ఒకాయన లిఫ్ట్ తెగింది, ఒకాయన గీజర్ పేలింది, ఒకావిడ కారు వంతెన మీదినుంచి పడింది. ఎక్కడా హత్య అన్న మాట రాలేదు.

"ట్రయల్ వాయిదా వెయ్యండి సార్."

"వేస్తే ఇంకోచోట కొడతారు. ఎక్కడో, ఎప్పుడో మనకు తెలియదు. ఇప్పుడు కనీసం తారీఖు తెలుసు." ముబారక్ గొంతు తగ్గించాడు. "ముఠాలో మనకొక మనిషి ఉంది. కోడ్ నేమ్ మల్లె. పేరు హేమమాలిని. పైకి ఈ ట్రయల్ నిర్వహించే ఈవెంట్ మేనేజర్. రెండేళ్ళుగా మనకు సమాచారం ఇస్తోంది. రేపు పులివెందులలో కలువు."

"బండి ఎక్కడుంది?"

ముబారక్ టేపును వేలికి చుట్టుకుని విప్పాడు.

"మీ మామ షెడ్డులో. దాని సస్పెన్షన్ కట్టింది ఆయనే. బుధవారం తోలేది కూడా ఆయనే."

జమ్మలమడుగు రోడ్డులో రేకుల షెడ్డు. పైన బోర్డు: 'కాటమయ్య కమాన్ వర్క్స్'. తొండూరులో గొర్రెలు మేపిన కుటుంబం. కాటమయ్య ఇరవై ఏళ్ళప్పుడు మందను అన్నకు వదిలి, లారీల కమాన్ కట్టలు, అంటే కింది స్ప్రింగు పట్టీలు, విప్పి కట్టడం నేర్చుకున్నాడు. రేణుక తండ్రి పోయినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. ఆ రోజు చెల్లెలినీ, మేనకోడల్నీ లారీ క్యాబిన్‌లో ఎక్కించుకుని ప్రొద్దుటూరు తెచ్చుకున్నాడు. ఆమె చదువు, పుస్తకాలు, హాస్టలు అన్నీ ఆ షెడ్డులోంచే వచ్చాయి. బదులుగా ఆమె ఎనిమిదేళ్ళుగా ఆయనకు ఒకే అబద్ధం చెబుతోంది. తను ఢిల్లీలో ఇన్సూరెన్స్ సర్వేయర్‌నని.

"ఏందిమ్మే, చెప్పాపెట్టకుండా వచ్చినావు," అన్నాడు కాటమయ్య బండి కిందినుంచే. బూట్లను చూసి మనిషిని గుర్తుపట్టే రకం.

"ఈ బండికి ఇన్సూరెన్స్ చెయ్యాలంట మామా. చూసిపోదామని వచ్చినా."

"బండికి చెయ్యి. నా జోలికి రావద్దు." బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "పోయిన ఉగాదికి కూడా ఏందో పాలసీ కాగితం పంపినావు. నేను కట్టిన బండి పడదు. పడని బండి తోలేవానికి పాలసీ ఎందుకు?"

బండి ఎత్తుగా, పచ్చగా, నిశ్శబ్దంగా నిలబడి ఉంది. మోకాలిని మించిన టైర్లు. ఎడమ వెనక చక్రాన్ని మూడు రైలు చెక్కల మీదికి ఎక్కించి ఉంచారు. వెనక సీట్లలో ఇసుక మూటలు. చక్రం పైకి నెట్టుకుపోయి ఫెండర్‌లోకి దూరింది. చాసిస్‌కు బిగించిన రబ్బరు స్టాపర్‌కూ, కింద ఆక్సిల్‌కూ మధ్య నల్లటి ముద్ద ఒకటి నలుగుతోంది.

"ఇంకా రాగి సంగటితోనేనా మామా?"

"కంపెనీ ఇంజనీరు లేజరు తెచ్చినాడు. సెన్సారు తెచ్చినాడు. అవన్నీ బండి నిలబడినప్పుడు కొలుస్తాయి. సంగటి బండి నలిగినప్పుడు కొలుస్తాది." ముద్దను ఊడబెరికి ఆమె అరచేతిలో పెట్టాడు. పైభాగం నున్నగా, చదునుగా ఉంది. మందం రెండు వేళ్ళు. "చూడు. ఎంత బరువేసినా, యాడ గుంత దిగినా, రెండు వేళ్ళ సందు మిగలల్ల. అప్పుడు చక్రం ఆడ్తాది, బాడీకి తగల్దు. గండికోటలో మూడో దిగుడు ఒకటి ఉండాది, ఆడ మాత్రం ఆక్సిల్ పోయి రబ్బరుకు కొట్టుకుంటాది. కొట్టుకోనీ. రబ్బరు ఉండేదే అందుకు."

"అక్కడ ఒక్కచోటేనా?"

"ఆడ ఒక్కచోటే. ఇంజనీరు రిపోర్టులో కూడా రాసుకున్నాడు."

రేణుక బ్యాగులోంచి స్పానర్ తీసింది. అది స్పానర్ కాదు, స్కానర్. పేలుడు మందు వాసన తగిలితే పిడి వణుకుతుంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. పిడి వణకలేదు.

అప్పుడే రోడ్డు మీద హారన్లు మోగాయి. ఎవరిదో గొర్రెల మంద బస్సుకు అడ్డంపడి అటూఇటూ చెదిరిపోతోంది. కాటమయ్య గుమ్మంలోకి పోయి, నాలుకను అంగిట్లో ఆడించి, గొంతు సాగదీసి ఒక్క కేక వేశాడు. "ట్ర్ర్ర్ర్... హోయ్." మంద మొత్తం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. బస్సు పక్కనుంచి మెల్లగా సాగిపోయింది.

"మన తొండూరోళ్ళ మంద," అన్నాడు గర్వంగా. "గండికోట పక్కకు మేతకు పోతాండాయి. నీకు గుర్తుండాదా ఆ కేక? చిన్నప్పుడు నువ్వు వేస్తే నేను కూడా నడుస్తా నడుస్తా నిలబడిపోయేవాణ్ణి."

"గుర్తుంది మామా," అంది రేణుక. ఆయన నవ్వుతుంటే ఆమెకు గుండెలో భయం మొదలైంది. ఎల్లుండి ఈ మనిషి ఆ స్టీరింగ్ వెనక కూర్చుంటాడు. వద్దని చెప్పాలంటే ఎనిమిదేళ్ళ అబద్ధం విప్పాలి. విప్పినా ఆయన వినడు. తన చేతి పనిని ఇంకొకడు తోలితే ఆయనకు అన్నం దిగదు.

మంగళవారం మధ్యాహ్నం బండి పులివెందుల చేరింది. నిర్వాహకుల గెస్ట్‌హౌస్‌లో దానికి స్టిక్కర్లు అతికించాలి, జెండాలు కట్టాలి. గేటుకు కాపలా పెట్టారు. కాపలావాళ్ళకు జీతం ఇచ్చేది హేమమాలిని.

ఆమె వరండాలోకి వచ్చినప్పుడు పనివాళ్ళ చేతుల్లో పని ఆగిపోయింది. లేత గంధం రంగు చీర, చేతికి సన్నటి బంగారు గొలుసు, కళ్ళకు పెద్ద నల్లద్దాలు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వాళ్ళ ఇంటి ఆడపడుచునని చెప్పుకుంటుంది. నవ్వితే నమ్మాలనిపిస్తుంది. అలాంటి నవ్వును నమ్మకూడదని సెక్షన్ నైన్‌లో మొదటి రోజే చెబుతారు, కానీ ఆ పాఠం ఎవరికీ ఒంటబట్టదు.

"మల్లెలు వాడిపోయాయా?" అని అడిగింది రేణుక.

"నీళ్ళు చల్లితే రేపటి దాకా ఉంటాయి." కోడ్ సరిపోయింది. హేమమాలిని ఆమెను పక్కకు తీసుకుపోయింది. "లోయకు అవతలి గట్టు మీదినుంచి కొడతారు. లాంగ్ రేంజ్ రైఫిల్. ఇద్దరు షూటర్లు. మీ వాళ్ళందరినీ అటు పెట్టమని ముబారక్ గారికి చెప్పాను."

"శివ బండిలోనే పెడతారన్నాడు."

"మీ బాంబ్ స్క్వాడ్ ఇందాకే వెతికింది కదా. రేపు పొద్దున మళ్ళీ వెతుకుతుంది. ఏమీ దొరకలేదు, దొరకదు." ఆమె నల్లద్దాలు తీసి తుడుచుకుంది. "పాపం, అతనికి తప్పుడు సమాచారం అందింది. అన్నట్టు, మీ మావయ్య రేపు సస్పెన్షన్ మళ్ళీ టెస్ట్ చేస్తారా?"

"ఎందుకు?"

"షెడ్యూల్ కోసం. డాక్టర్‌గారికి ఆలస్యం నచ్చదు. అక్కడ టెస్టులేమీ పెట్టుకోవద్దని చెప్పండి."

రేణుక తల ఊపింది. బండి వైపు చూసింది. కొత్త స్టిక్కర్ల కింద అది నిన్నటి బండిలా అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో ఆమె చెప్పలేకపోయింది. స్పానర్ పట్టుకుని మళ్ళీ చుట్టూ తిరిగింది. పిడి వణకలేదు. కాపలావాళ్ళలో ఒకడు ఆమె చేతిని కాక, ఆమె కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో చూస్తున్నాడు.

బుధవారం. కాటమయ్య ఉదయమే పులివెందుల వచ్చి బండి అందుకున్నాడు. జమ్మలమడుగు దాటి గండికోట చేరేదాకా రేణుక వెనక కారులో వచ్చింది. దారిలో తొండూరు మంద రోడ్డు పక్కన మేస్తూ కనిపించింది. ఎండ అప్పుడే రాళ్ళ మీద పడుతోంది. లోయ లోపలినుంచి గాలి రావడం లేదు. ఇంత జనం ఉన్నా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అవతలి గట్టు మీద ముబారక్ మనుషులు ఇరవై మంది బైనాక్యులర్లతో రాళ్ళను వెతుకుతున్నారు.

స్టార్టింగ్ పాయింట్‌లో కాటమయ్య వెనక చక్రానికి వెనకవైపు తుమ్మకర్ర దిమ్మె అడ్డం పెట్టాడు. తర్వాత తన అలవాటు ప్రకారం వెనక బంపర్ ఎక్కి, రెండు కాళ్ళతో బండిని కిందికి తొక్కాడు. ఒకసారి, ఇంకోసారి. బండి ఊగింది.

అందరూ ఆయన్ని చూస్తున్నారు. రేణుక మాత్రం హేమమాలినిని చూసింది. బండి ఊగిన ప్రతిసారీ ఆమె వెనక్కి అడుగు వేసింది. రెండు అడుగులు. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది, కాళ్ళు మాత్రం భయపడ్డాయి.

కాటమయ్య దిగి, ఎడమ వెనక చక్రం లోపలికి చెయ్యి దూర్చి ఏదో ఊడబెరికాడు.

"ఏమిటది?" హేమమాలిని గొంతు కొంచెం మారింది.

"సంగటమ్మా. పొద్దున పులివెందుల్లో పెట్టినా. పరాయి చోట పండుకున్న బండిని మళ్ళా కొలవకుండా నేను తోలను."

"టెస్టులు వద్దని చెప్పాను కదా. డాక్టర్‌గారు ఎక్కేశారు. టైం అయిపోయింది, బయల్దేరండి."

నిజమే. డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ అప్పటికే వెనక ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాడు. సన్నటి మనిషి, ఒళ్ళో నోట్‌బుక్. కాటమయ్యకు పెద్దవాళ్ళను నిలబెట్టడం ఇష్టం ఉండదు. ముద్దను చూడకుండానే రేణుక చేతిలో పెట్టాడు.

"పట్టుకో పాపా. వచ్చినాక చూస్తా."

ఎక్కి స్టార్ట్ చేశాడు. తుమ్మ దిమ్మె కింద అలాగే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన దాన్ని మర్చిపోవడం అదే మొదటిసారి.

బండి రాళ్ళ మీదికి ఎక్కింది. రేణుక అరచెయ్యి తెరిచి ముద్దను చూసింది.

మందం రెండు వేళ్ళు. మామ లెక్క తప్పలేదు. కానీ సోమవారం నున్నగా ఉన్న పైభాగంలో ఇవాళ ఒక గుంట ఉంది. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత, అంచులు కత్తితో కోసినట్టు. స్టాపర్ రబ్బరులోంచి ఏదో పొడుచుకొచ్చి సంగట్లో దిగింది. సోమవారం అక్కడ అలాంటిది లేదు. బండి షెడ్డు దాటాక పడుకున్న చోటు ఒక్కటే, హేమమాలిని కాపలా పెట్టిన గెస్ట్‌హౌస్.

అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. స్టాపర్ మార్చారు. పేలుడు మందును ఉక్కు గొట్టంలో సీలు చేసి రబ్బరు లోపల పెట్టి, పేల్చే మీటను మాత్రం బయటికి వదిలారు. వైరు లేదు, బ్యాటరీ లేదు, వాసన బయటికి రాదు. రోడ్డు మీద ఎంత తిరిగినా ఆ మీట నొక్కుకోదు, ఎందుకంటే కాటమయ్య రెండు వేళ్ళ సందు వదిలాడు. ఆ సందు మూసుకునే చోటు ఒక్కటే ఉంది. మూడో దిగుడు. ఆ తర్వాత బండి లోయలో పడుతుంది. మెకానిక్ కట్టిన సస్పెన్షన్ విరిగిందని పేపర్లు రాస్తాయి. చంపేది ఇద్దరిని, చెడగొట్టేది కాటమయ్య పేరును.

రేణుక చెవి దుద్దులో దాచిన వైర్‌లెస్‌ను నొక్కింది. "బండి ఆపించండి. సార్, వినిపిస్తోందా?"

దుద్దులో గరగర తప్ప ఏమీ లేదు. తల తిప్పి చూసింది. హేమమాలిని తన హ్యాండ్‌బ్యాగులోంచి చెయ్యి తీస్తోంది. బ్యాగులో చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. జామర్.

"మీకు మేనమామ అంటే చాలా ఇష్టమని విన్నాను," అంది హేమమాలిని కారు వైపు నడుస్తూ. "మూడు నిమిషాలు ఉంది. నన్ను పట్టుకుంటారా, ఆయన దగ్గరికి వెళ్తారా? రెండూ కుదరవు."

ట్రైనింగ్‌లో దీనికి జవాబు ఉంది. ముందు గూఢచారిని పట్టుకోవాలి, తతిమ్మావి తర్వాత. రేణుకకు ఆ జవాబు గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా లక్ష్యపెట్టలేదు. కింద పడి ఉన్న తుమ్మ దిమ్మెను ఒక చేత్తో ఎత్తుకుంది. రెండో చేతిలో సంగటి ముద్ద ఉంది. బండి దారిని వదిలి, అడ్డంగా రాళ్ళ మీద పరుగెత్తింది.

మొదటి దిగుడు దాటింది బండి. నడిచే మనిషంత నిదానంగా పోతోంది. రెండో దిగుడు దగ్గర చక్రం పైకి లేచి ఫెండర్‌లోకి దూరింది. రేణుక పరుగెత్తుతూనే కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. రెండు వేళ్ళు మిగిలాయి.

మూడో దిగుడు అంచు ఆమెకు ఇంకా నూరు గజాల దూరంలో ఉంది, బండి అక్కడికి చేరుతోంది. ఇంజన్ చప్పుడులో ఆమె పిలుపు వినపడదు. "మామా" అని అరిచింది. బండి ఆగలేదు. ఆమెకు ఊపిరి అందడం లేదు. ఆ ఊపిరి లేని గొంతులోంచి, ఆలోచించకుండానే, ఇరవై ఐదేళ్ళ కిందటిది ఒకటి లేచింది.

"ట్ర్ర్ర్ర్... హోయ్."

లోయ దాన్ని అందుకుని రెండింతలు చేసి తిప్పికొట్టింది. ముందు చక్రాలు అంచు దిగిన క్షణాన బండి తటాలున ఆగిపోయింది. బుర్ర కన్నా ముందు కాటమయ్య కాలు విన్నది.

రేణుక పక్కకు చేరేసరికి బండి ముక్కు కిందికీ, తోక పైకీ వేలాడుతోంది. ముందు చక్రాల కింద గులకరాళ్ళు కారుతున్నాయి.

"ఎడమ వెనక స్టాపర్‌లో బాంబు ఉండాది మామా. వెనక చక్రం దిగి కొట్టుకుంటే పేల్తాది. ముందుకూ వద్దు, వెనక్కూ వద్దు."

కాటమయ్య ముఖంలో రంగు పోయింది. గొంతు మాత్రం షెడ్డులో మాట్లాడినట్టే ఉంది. "బ్రేకు పట్టినా రాయి పట్టడం ల్యా. జారతాంది పాపా. నువ్వు దూరంగా పో."

"పోను."

"చెప్పినమాట విను."

"నువ్వెప్పుడన్నా విన్నావా నా మాట?"

డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ నోట్‌బుక్ మూసి మెల్లగా అన్నాడు. "నేను దిగనా, కదలకుండా ఉండనా?"

"కదలొద్దు సార్. మీ బరువు లేస్తే బండి ఎటు ఒరుగుతుందో తెలియదు."

ఆమె వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరింది. తోక పైకి లేచి ఉండటంతో ఆక్సిల్ బాగా కిందికి వేలాడుతోంది. పైన స్టాపర్ నల్లగా, అమాయకంగా ఉంది. దాని మధ్య రూపాయి బిళ్ళంత ఉక్కు మొన.  తుమ్మ దిమ్మెను స్టాపర్ పక్కన ఆక్సిల్ మీద నిలబెట్టింది. అది ఏటవాలుకు జారి పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

పైన బండి బెత్తెడు ముందుకు కదిలింది.

"పాపా," అన్నాడు కాటమయ్య. 

చేతిలో ముద్ద ఉందని అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. సంగటిని ఆక్సిల్ మీద గట్టిగా మెత్తింది. దాని మీద దిమ్మెను గుచ్చి రెండు చేతులా అదిమింది. పొద్దుటి సంగటి, బాగా జిగురెక్కి ఉంది. దిమ్మె నిలబడింది.

అంచు రాయి విరిగిన చప్పుడు ఆమె వీపుకే తెలిసింది. పక్కకు దొర్లింది. బండి తోక అంచు దాటి కిందికి పడింది. వెనక చక్రం నేలను గుద్దింది. ఆక్సిల్ ఎగిరి పైకి పోయింది. తుమ్మ దిమ్మె చాసిస్‌ను ఢీకొని ఫెళ్ళుమంది.

 ఎర్ర దుమ్ము మెల్లగా కిందికి దిగింది. బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి ఉంది. దిమ్మె నిలువునా చీలింది కానీ విరగలేదు. మొనకూ ఆక్సిల్‌కూ మధ్య ఒక్క వేలు సందు మిగిలింది.

"ట్రయల్ పాసయినట్టేనా?" అని అడిగాడు డాక్టర్. 

"బండి పాసయింది సార్," అన్నాడు కాటమయ్య. "ముందు మెల్లగా దిగండి. ఎగరొద్దు."

ముబారక్ అరగంట తర్వాత చేరుకున్నాడు. బాంబ్ స్క్వాడ్ బండి చుట్టూ తాడు కట్టింది.

"హేమమాలిని?" అని అడిగింది రేణుక. ఆమెను వదిలేసి వచ్చానన్న సంగతి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

"దొరికింది. జమ్మలమడుగు రోడ్డు మీద." ముబారక్ ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "రెండు వందల గొర్రెలు రోడ్డు దాటుతూ దాటుతూ ఉన్నట్టుండి నిలబడిపోయాయట. హారన్ కొట్టింది, కదల్లేదు. దిగి అరిచింది, కదల్లేదు. మావాళ్ళు పోయి బేడీలు వేసేదాకా అవి అట్లాగే నిలబడి ఉన్నాయి. కాపరికి కూడా ఎందుకో అర్థం కాలేదు. ఏదో కేక వినిపించిందంటాడు."

పులివెందుల గెస్ట్‌హౌస్‌లో ఇద్దరు విదేశీయులు పట్టుబడ్డారు. బూడిద లారీ డ్రైవరు ముద్దనూరు దగ్గర చిక్కాడు. శివ పేరు ముందు రాసిన యాక్సిడెంట్ అన్న మాట కొట్టేశారు. ఆ మాట విన్నప్పుడు రేణుక రెండు నిమిషాలు లోయ వైపు తిరిగి నిలబడింది. ఈసారి ఏడుపును మింగలేదు.

కాటమయ్య ఒక రాతి మీద కూర్చుని చీలిన దిమ్మెను చేతిలో తిప్పుతున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఆమె మోచేతులు దోక్కుపోయి ఉన్నాయి, జుట్టునిండా ఎర్ర మట్టి. ఆయన తన తువ్వాలు తీసి మోచేతికి చుట్టాడు.  అడగాల్సినవన్నీ ఆయన కళ్ళలో ఉన్నాయి.   అవతల, చేతిలో వైర్‌లెస్ పట్టుకున్న ఇరవై మంది మగవాళ్ళు తన మేనకోడలికి సెల్యూట్ చేసి పోవడం ఆయన చూశాడు.

చీలిన దిమ్మెను పక్కన పెట్టాడు.

"రేణుకా, మీ ఇన్సూరెన్సోళ్ళు పనిలో శానా గట్టోళ్ళు మాదిరుండారు. ఆ పాలసీ కాగితం ఏందో ఈపాలి తే, నేను గూడా ఒకటి తీసుకుంటా."